కీ దగ్గర మనిషి

నడీన్ కీ వదల్లేదు.

పది లెక్కపెట్టేలోగా వదిలెయ్యాలి, కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ తిప్పాలి. పెళ్ళయిన కొత్తలో లీలండ్ చెప్పిన మాట అది. ఇప్పటికీ అదే మాట. "పట్టుకు కూర్చున్నావంటే స్టార్టర్ మోటారు వేగిపోతుంది, పెనం మీద బేకన్‌లాగా." అతను కింద, కారు పొట్ట కింద. ఆమె పైన, కీ దగ్గర. వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ ఇనుము సందుల్లోంచే నడిచాయి.

ఇప్పుడు కింద ఎవరూ లేరు. సోమవారం టిఫినుకి లీలండ్‌ని స్నేహితుడు వర్జిల్ తన పికప్‌లో డైనర్‌కి తీసుకెళ్ళాడు. ఆ ముసలివాళ్ళు మొక్కజొన్న ధర, వానలు, మోకాళ్ళు అన్నీ తేల్చుకుని లేచేసరికి పొద్దెక్కుతుంది. నడీన్ గరాజ్ తలుపు పైకెత్తి, బానెట్ తెరిచి, ఇంజన్ అంటుకోకుండా కాయిల్ వైరు ఊడదీసింది. బ్యాటరీ దిగిపోకుండా చార్జర్ తగిలించింది. ఇవన్నీ ఏవి ఎక్కడుంటాయో ఆమెకు చీకట్లో కూడా తెలుసు. తెలియడం వల్లే ఈ పని చెయ్యగలుగుతోంది.

ఇంజన్ గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. ఎర్ర సీటు మీద నిటారుగా కూర్చుని, బొటనవేలు తెల్లబడేలా కీ నొక్కిపట్టింది నడీన్. ఆ గుర్రు మెల్లగా బరువెక్కింది. ఆ తరవాత వాసన వచ్చింది, కాలిన లక్క వాసన. ఆమె కళ్ళు మూసుకుంది గాని చెయ్యి తియ్యలేదు. చివరికి లోపలెక్కడో టక్కుమని ఒక్క చప్పుడయింది. అంతే.

వైరు మళ్ళీ ఎక్కించింది. చార్జర్ చుట్టి మేకుకి తగిలించింది. ఫ్యాను తెచ్చి గాలి బయటికి పోయేలా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ఇనప పెనం మీద ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టింది. ఆ పూట వంటలో ఉల్లిపాయతో పనేం లేదు.

క్రితం ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉండగా జరిగింది. నాలుగు దారుల మూలన లీలండ్ కారు ఆపాడు, ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, కదిలించాడు. కుడివైపు నుంచి పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న పిల్ల సైకిల్ తొక్కుకుంటూ వస్తోంది. నడీన్ తన వైపు బ్రేకు ఉన్నట్టే కాలితో నేలని ఒక్క తన్ను తన్ని "ఆగు!" అని అరిచింది. కారు ఆగింది. పిల్ల వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

"ఏమిటీ?" అన్నాడు లీలండ్. అతని మొహంలో నిజంగానే ప్రశ్న ఉంది.

"కుక్క," అంది నడీన్. "కుక్క అడ్డొచ్చింది."

శుక్రవారం జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం. ఊరేగింపులో ఈ కారే, పైకప్పు మడిచిన లీలండ్ కన్వర్టిబుల్, ముందు వరసలో నడుస్తుంది. వెనక సీటు అంచు మీద ఈసారి రిటైరైన టీచరు మిస్ హేజెల్ కూర్చుని రెండు వైపులా మిఠాయిలు విసురుతుంది. ఊళ్ళో పిల్లలంతా సంచులు పట్టుకుని రోడ్డు మీదకి ఎగబడతారు. కొందరు చక్రాల దాకా వచ్చేస్తారు.

కంటి డాక్టరు దగ్గరికి పోదామంటే "ఊరేగింపు అయ్యాక" అంటాడు. కారు ఈ ఏడాదికి వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఆ ఎందుకుకి ఆమె దగ్గర జవాబు ఉంది. దాన్ని నోటితో చెప్పలేక చేత్తో చేసింది.

*

లీలండ్ వచ్చి గరాజ్‌లో ఓ క్షణం ఎక్కువే నిలబడ్డాడు. వంటింటి కిటికీలోంచి నడీన్ చూసింది. ముక్కు నలుపుకున్నాడు. ఫ్యాను వైపు చూశాడు. తరవాత లోపలికి వచ్చి, "ఉల్లిపాయలా?" అన్నాడు.

"బుద్ధి పుట్టింది."

"మంచిదే." చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

కంచంలో ఎడమవైపు మాంసం, కుడివైపు చిక్కుడు గింజలు పెట్టింది. మాంసం తిని ఫోర్కు కింద పెట్టేశాడు. గింజలు అలాగే ఉన్నాయి. అవి ఉన్నట్టే అతనికి తెలియదు. నీళ్ళు పోసే నెపంతో ఆమె కంచాన్ని చేత్తో కాస్త తిప్పింది. గింజలు ఎడమకి వచ్చాయి. లీలండ్ మళ్ళీ ఫోర్కు అందుకున్నాడు. చలికాలం నుంచీ ఆ ఇంట్లో కంచాలు అలా తిరుగుతున్నాయి.

మధ్యాహ్నం ఊరేగింపు కోసం కారు కడుగుదామని బయటికి తియ్యబోయాడు. టక్. మళ్ళీ టక్.

"నడీన్! రా, కీ దగ్గరికి."

ఆమె వెళ్ళి ఎర్ర సీటులో కూర్చుంది. సీటు ఇంకా వెచ్చగా ఉందేమో అనిపించింది. లీలండ్ జాకీ పెట్టి, స్టాండ్లు దన్ను పెట్టి, చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని కిందకి జారాడు. బూట్లు మాత్రం బయట ఉన్నాయి.

"తిప్పు."

టక్. కింద సుత్తితో స్టార్టర్ మీద చిన్నగా కొట్టాడు. కొన్నిసార్లు ఆ దెబ్బకి నిద్ర లేస్తుంది.

"తిప్పు."

టక్.

"లైట్లు మండుతున్నాయా?"

"ధగధగా."

"బ్యాటరీకి ఢోకా లేదు." కింద సుత్తి నేలకి ఆనించిన చప్పుడు. "తిప్పింది చాల్లే. దిగు."

బల్ల మీదే బయటికి జారి వచ్చాడు. ఆమె వైపు చూడకుండా సుత్తిని గుడ్డతో తుడిచాడు. "బ్యాటరీగాడికి ఫోన్ చెయ్యి. వాడు పెట్టిన మోటారేగా, వాడినే వచ్చి ఊడదియ్యమను."

బ్యాటరీగాడంటే అల్లుడు కర్ట్. కరెంటు కారు కొన్న రోజున వచ్చిన పేరు. కిందటేడాది ఎండాకాలంలో కర్ట్ సొంతంగా కొత్త స్టార్టర్ తెచ్చి, లీలండ్ పక్కనే నిలబడి చెబుతూ ఉండగా, ఒక శనివారమంతా పడుకుని దాన్ని బిగించాడు. ఆ కారుని ముట్టుకోనిచ్చిన మొదటి పరాయి చెయ్యి అతనిదే. ఆ రోజు సాయంత్రం కూతురు బెత్ వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నాన్న కర్ట్‌కి బీరు ఇచ్చాడు. తనే మూత తీసి ఇచ్చాడు," అని గుసగుసగా చెప్పి కళ్ళు తుడుచుకుంది.

నడీన్ ఫోన్ తీసింది. వేళ్ళన్నీ కర్ట్ వైపు తిరిగేలా చేసింది తనేనని అప్పటిదాకా ఆమెకి తట్టలేదు.

*

కర్ట్ ధాన్యం గోదాములో పని ముగించుకుని, భుజాల మీద దుమ్ముతోనే వచ్చాడు. మామగారిని ఏమని పిలవాలో అతనికి ఇన్నేళ్ళయినా తేలలేదు. లీలండ్ అంటే చనువెక్కువైనట్టు, నాన్నా అంటే రమ్మనకుండా వచ్చినట్టు. అందుకని దగ్గరికి వచ్చి గొంతు సవరించుకుంటాడు.

"ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీశావా?" అన్నాడు లీలండ్.

"తీశానండీ."

"నీ బండికి అలాంటివి ఉండవుగా. గోడకి తగిలించి పడుకుంటావు."

కర్ట్ నవ్వి కిందకి జారాడు. లావు తీగ, రెండు సన్న వైర్లు, తరవాత రెండు పొడుగు బోల్టులు. బోల్టు పట్టు వదిలినప్పుడు కీచుమంది. బరువైన మోటారు ఛాతీ మీదకి దిగుతుంటే "హమ్మా" అన్నాడు.

"రేకులు పెట్టి ఉండవు," అన్నాడు లీలండ్ పైనుంచి. "రేకులు లేకపోతే చక్రం పళ్ళు సరిగ్గా పడవు. నమిలి నమిలి చస్తుంది. నే చెప్పానా నడీన్, ఆ రోజే చెప్పానా?"

కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచేతిలో రెండు పల్చటి ఇనప రేకులు, మసి పట్టి.

"ఉన్నాయండీ. మీరు చెప్పినట్టే రెండూ పెట్టాను."

లీలండ్ ఆ రేకుల వైపు చూశాడు. కర్ట్ బయటికి వచ్చి స్టార్టర్‌ని పని బల్ల మీద పెట్టాడు. లీలండ్ దాన్ని రెండు చేతులా ఎత్తి మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. ఈ మధ్య అన్నీ అలాగే దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు, సీసాల మీద రాతలు, చర్చి పాటల పుస్తకం. కొంచెంసేపు అలాగే పట్టుకుని మెల్లగా దించాడు.

నడీన్ గుమ్మం దగ్గర చేతులు ఏప్రన్‌లో చుట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి అక్కడి దాకా వచ్చింది వాసన.

"చవక సరుకు," అన్నాడు లీలండ్. గొంతు మామూలుగానే ఉంది. "చవక సరుకు తెచ్చి నా కారుకి తగిలించావు. ఊరేగింపు వారంలో నన్ను ఊరి ముందు నిలబెట్టావు."

"మంచిదే తెచ్చానండీ. కొట్లో అన్నిటికన్నా..."

"తెచ్చినవాడివి నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చెయ్. ఇంకోటి తే. బిగించేది నేను. ఇకమీదట నీ పానా నా గరాజ్‌లో కనబడకూడదు."

కర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. పనిముట్లన్నీ ఒక్కొక్కటే తుడిచి, ఏది ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టాడు. ఆఖరి పానా తగిలించి, దాన్ని కాస్త సరిచేసి, గుడ్డ మడత పెట్టి, అప్పుడు బయటికి వెళ్ళాడు.

నడీన్ నోరు తెరిచింది. "వాడి తప్పేముంది లీలండ్..." అంది. అక్కడికి ఆగిపోయింది. తరవాతి మాట అంటే, దాని తరవాతిదీ అనాలి.

"తప్పు ఎవరిదో ఒకరిది అవ్వాలి కదా," అన్నాడు లీలండ్, లైటు ఆర్పుతూ.

*

పాత భాగం ఇస్తేనే కొట్లో కొత్తది ఇస్తారు. బుధవారం సాయంత్రం కర్ట్‌తో తనూ వస్తానంది నడీన్. పాలు తేవాలంది. స్టార్టర్ ఒక అట్టపెట్టెలో ఆమె కాళ్ళ దగ్గర ఉంది. చప్పుడు లేని కర్ట్ కరెంటు కారులో వాసన ఇంకా బాగా తెలుస్తోంది.

కౌంటర్ దగ్గరి డోరీన్ దాన్ని బల్లకి బిగించి వైర్లు తగిలించి చూసింది. కదల్లేదు. వంగి వాసన చూసి తల వెనక్కి లాగింది.

"అబ్బో! దీన్ని ఎవరో వేయించేశారు నాయనా. తనంత తను చచ్చింది కాదు. కీ పట్టుకుని కూర్చున్నారు ఎవరో."

నడీన్ ఖాళీ అట్టపెట్టె మూత మడిచింది. కర్ట్ ఆమె వైపు ఒక్కసారి చూశాడు.

"నేనేనండీ," అన్నాడు. "నేనే పట్టుకున్నాను. స్టార్ట్ కాకపోతే చూస్తూ చూస్తూ..."

"గ్యారంటీ ఉంది కాబట్టి మారుస్తాను గాని, పది లెక్కపెట్టు, వదిలెయ్. చిన్నప్పుడు మీ నాన్న చెప్పలేదూ?"

"చెప్పినవాళ్ళున్నారు. నేనే వినలేదు."

కొత్తది మర్నాడు వస్తుందంది డోరీన్. పాలు తేవాలన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. తిరుగుదారిలో మొక్కజొన్న చేల మధ్య చాలా దూరం వచ్చాక కర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"నడీన్ గారూ, ఆయనకి చెప్పకండి."

"ఏమని?"

"కాలిపోయిందని. ఆయనే పట్టుకుని ఉంటాడు. ఈ మధ్య కొన్ని కొన్ని తెలియడం లేదు ఆయనకి. మొన్న మా ఇంటి ముందు ఉత్తరాల డబ్బా గుద్ది, గాలికి పడిందన్నాడు. నేనే దాన్ని మళ్ళీ నిలబెట్టాను, బెత్‌కి చెప్పలేదు." రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "తన చేత్తో తన కారు పాడుచేశానని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నన్నే అననివ్వండి. నాకు అలవాటేగా."

నడీన్ కిటికీ వైపు తిరిగింది. నేనే చేశానని అనాలి. ఇప్పుడే అనాలి. వంతెన వచ్చింది, దాటిపోయింది. ధాన్యం గోదాము వచ్చింది. ఇల్లు వచ్చింది.

"నువ్వు మంచివాడివి కర్ట్," అంది దిగుతూ. అన్నాక తన మీద తనకే రోత పుట్టింది. అది మెప్పుదల కాదు, బాకీ ఎగ్గొట్టడం.

ఆ రాత్రి బెత్ ఫోన్ చేసింది. "అమ్మా, కర్ట్ ఊరేగింపుకి రానంటున్నాడు. ఓవర్‌టైమ్ అంటున్నాడు. జూలై నాలుగున ఓవర్‌టైమ్ ఏమిటమ్మా? నాన్న ఏమైనా అన్నాడా?"

"మీ నాన్న అననిది ఎప్పుడు?" అంది నడీన్. నవ్వినట్టే అంది. ఫోన్ పెట్టాక సింకు పట్టుకుని నిలబడింది.

*

గురువారం మధ్యాహ్నం కర్ట్ కొత్త స్టార్టర్ తెచ్చి, గరాజ్ గడప బయటే పెట్టి, లోపలికి రాకుండా, "వెనక కంచె మేకులు ఊడాయి, కొట్టేసి వెళ్తాను," అని పెరట్లోకి వెళ్ళిపోయాడు. లీలండ్ ఆ పెట్టెని కాలితో లోపలికి తోసుకున్నాడు.

అతను కిందకి జారాడు. నడీన్ కీ దగ్గర కూర్చుంది. పెరట్లోంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

మోటారుని ఛాతీ మీద పెట్టుకుని పైకి ఎత్తడానికే అతనికి చాలాసేపు పట్టింది. ఎడమ బోల్టు పడింది. రెండోది పడలేదు. బోల్టు కాంక్రీటు మీద పడి దొర్లిన చప్పుడు. వెతుకుతున్న చేతి చప్పుడు. దొరికింది. మళ్ళీ పడింది.

"దీనెమ్మ... రంధ్రం ఎక్కడ పెట్టి చచ్చారు?"

ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని బిగించిన రంధ్రం. కుడివైపుది.

నడీన్ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. బూట్లు రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మళ్ళీ బోల్టు పడింది. ఈసారి వెతికే చప్పుడు రాలేదు. ఊపిరి తీస్తున్న చప్పుడు ఒక్కటే.

చాలాసేపటికి పానా తిరిగిన చప్పుడు వినిపించింది. తీగలు బిగించాడు. లేచి వచ్చి బ్యాటరీ నెగటివ్ తగిలించి, మళ్ళీ పడుకుని కిందకి జారాడు. పళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో చెవితో వినాలి.

"నడీన్."

"ఆఁ."

"పది దాటనివ్వకు." ఒక క్షణం ఆగాడు. "ఈసారి."

ఆమె చెయ్యి కీ మీదే ఉండిపోయింది. పెరట్లో సుత్తి దెబ్బ ఒకటి పడింది, ఇంకోటి పడింది.

నడీన్ కీ ఊడదీసి జేబులో వేసుకుంది. కారు దిగింది. కొత్త పెట్టె అట్టని చింపి నేల మీద పరిచి, మోకాళ్ళు కలుక్కుమంటుంటే, దాని మీద పడుకుని కారు కిందకి పాకింది. ఇన్నేళ్ళలో ఆ కారుని కింద నుంచి ఆమె చూడటం అదే మొదలు. లీలండ్ తల తిప్పలేదు. పైన నల్లటి ఇంజన్ వైపు చూస్తున్నాడు.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"సోమవారమే. ఆ వాసన నాకు తెలియకుండా పోతుందా? ఉల్లిపాయలు వేయించావు."

"తెలిసీ కర్ట్‌ని అన్నావు."

అతను పానాని పొట్ట మీద పెట్టుకుని దాని తలని బొటనవేలితో తుడుస్తున్నాడు.

"నిన్నంటే, ఎందుకు చేశావని అడగాలి," అన్నాడు చివరికి. "అడిగితే నువ్వు చెబుతావు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. గ్రీజుతో జారిపోతోంది.

"ఆదివారం అది కుక్క కాదు కదా," అన్నాడు లీలండ్.

"కాదు."

"ఎవరు?"

"చిన్నపిల్ల. సైకిల్ మీద. పసుపు హెల్మెట్."

"పసుపా." కళ్ళు మూసుకున్నాడు. "పసుపు కూడా కనబడలేదు నడీన్. చీకటిగా కూడా ఉండదు అక్కడ. అసలు ఏమీ ఉండదు."

సుత్తి చప్పుడు ఆగింది. గడ్డి మీద అడుగులు, తరవాత కాంక్రీటు మీద. కర్ట్ బూట్లు వచ్చి కారు పక్కన ఆగాయి. ఒక జత మగ బూట్లు, ఒక జత ఆడ చెప్పులు కారు కింద నుంచి బయటికి పొడుచుకుని ఉన్నాయి.

"అయ్యో, ఏమైంది? ఇద్దరూ... ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"కర్ట్," అన్నాడు లీలండ్. బ్యాటరీగాడు అనలేదు. "మమ్మల్ని బయటికి లాగు."

లాగాడు. ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు. నడీన్ జుట్టులో మసి. మొహం పైకెత్తి సూటిగా చెప్పింది.

"ఆ మోటారు కాల్చింది నేను. సోమవారం. కావాలని. నిన్న కారులో చెప్పాల్సింది, చెప్పలేదు."

కర్ట్ ఆమెని చూశాడు. "మీరా? నేను ఈయన అనుకున్నాను."

"నేనా?" లీలండ్ నడుము నిటారయింది. "నేను స్టార్టర్ కాలుస్తానా? నా మొహం చూస్తే అలా కనబడుతోందా నీకు?"

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్నాక లీలండ్ కూడా తల దించుకున్నాడు.

"నాకు మొదటి రోజే తెలుసు," అన్నాడు.

"తెలిసే అన్నారా నన్ను?"

"ఆఁ. అన్నాను."

కర్ట్ చేతిలో సుత్తి ఉంది. దాన్ని తీసుకెళ్ళి గోడకి దాని చోట తగిలించాడు. అటు తిరిగే నిలబడ్డాడు. "బెత్‌తో రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడలేదు నేను," అన్నాడు గోడతో. "నిజంగా నేనే ఏదో తప్పు బిగించానేమోనని రాత్రి లేచి ఆలోచించాను. రేకులు, బోల్టులు, అన్నీ."

"సరిగ్గానే బిగించావు," అన్నాడు లీలండ్. "నాకన్నా బాగా. ఇందాక కుడి బోల్టు నాకు దొరకలేదు."

నడీన్ జేబులోంచి కీ తీసింది. ఎవరికివ్వాలో అడగలేదు. లీలండ్ దాన్ని ఆమె చేతిలోంచి అందుకుని కర్ట్ వైపు చాపాడు. కర్ట్ వెంటనే తీసుకోలేదు. గ్రీజు నిండిన ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంది. తరవాత తీసుకున్నాడు.

స్టాండ్లు తీసి కారుని నేలకి దించారు. కర్ట్ ఎర్ర సీటులో అంచు మీద కూర్చున్నాడు, దేన్నైనా మాసిపోయేలా చేస్తానేమో అన్నట్టు. కీ తిప్పాడు. కొత్త మోటారు ఒక్క తిప్పు తిప్పింది, ఇంజన్ అందుకుంది. అతను వెంటనే వదిలేశాడు. లీలండ్ తల ఒక పక్కకి వంచి విన్నాడు.

"రేపు మిస్ హేజెల్ వెనక ఉంటుంది," అన్నాడు. "ఆవిడ విసిరినప్పుడల్లా పిల్లలు వచ్చేస్తారు. నడిచేవాళ్ళకన్నా మెల్లగా పోనియ్. రెండు వైపులా చూడు. ఓవర్‌టైమ్ అంటున్నావట."

"ఉందేమో," అన్నాడు కర్ట్. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ. కొంచెం ఆగి, "అడిగి చూస్తాను," అన్నాడు.

"ఇప్పుడు ఒకసారి ఊరు చుట్టి వద్దాం. వేడెక్కాక ఎలా తిరుగుతుందో చూడాలి."

లీలండ్ కారు చుట్టూ నడిచాడు, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ. అవతలి తలుపు తీసుకుని, ఆ కారులో ఎన్నడూ కూర్చోని సీటులో కూర్చున్నాడు. బెల్టు కోసం వెతికాడు. చెయ్యి ఒడిలో వెతికింది, ఎడమ పక్కన వెతికింది, మళ్ళీ ఒడిలోకి వచ్చింది. నడీన్ చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళింది. చూడకుండా అందించెయ్యడానికి. ఆమె ఆగింది.

"కుడివైపు ఉంది లీలండ్," అంది. పైకే అంది, కర్ట్‌కి కూడా వినబడేలా.

లీలండ్ తల పూర్తిగా తిప్పి, దాన్ని చూసి, అందుకున్నాడు.